దామలచెరువు దారిలో ఒక ఇంటర్వ్యూ

పొద్దున ఆరున్నర. తిరుపతిలో రుయా ఆసుపత్రి గేటు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నారు మీరు. అలిపిరి వైపు బస్సులు వరసగా పోతున్నాయి. గుండ్లు చేయించుకుని కొండ దిగినవాళ్ళు లడ్డు సంచులు పట్టుకుని స్టేషనుకి ఆటో బేరమాడుతున్నారు. ఆసుపత్రి గోడకు ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద మూడు చొక్కాలు, జడలు కట్టిన జుట్టు. గాల్లోకి చూస్తూ ఎవరికో జవాబు చెబుతున్నాడు. కొందరు చిల్లర వేసి పోతున్నారు. ఎక్కువమంది చుట్టూ తిరిగి పోతున్నారు.

మీరు ఎంపిక కమిటీలో ఒకరు. మీతోపాటు బయటినుంచి పిలిచిన రిటైర్డ్ ప్రొఫెసరు ఒకాయన, రెండో ఏడు చదివే పీజీ కుర్రాడు ఒకడు. ఎంచుకోవాల్సింది ఒక అసోసియేట్ ప్రొఫెసరుని. పని, ఎండీ సైకియాట్రీ చదివేవాళ్ళకి ఊళ్ళలో వైద్యం చెయ్యడం నేర్పడం. ఇలాంటి ఇంటర్వ్యూ ఇంకా ఏ నోటిఫికేషన్‌లోనూ లేదు. ఉండి తీరాలని నాకు గట్టి నమ్మకం. అందుకే జరగకముందే మిమ్మల్ని తీసుకొచ్చాను.

అభ్యర్థి బస్సు దిగి వస్తోంది. నలభై ఐదేళ్ళ మనిషి, నూలు చీర, భుజాన బ్యాగు. పన్నెండేళ్ళుగా ఒక జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు. గేటు దాకా వచ్చి, మీకంటే ముందు గోడ దగ్గరున్న మనిషిని చూసింది. నేరుగా అతని దగ్గరికి పోయి, చెయ్యి చాపితే అందనంత ఎడంలో గొంతుక్కూర్చుంది.

"తిన్నావా నాయనా?"

జవాబు లేదు. కాసేపు ఆగి, "సాప్టియా?" అంది. అతను తల తిప్పాడు. తమిళంలో ఏదో అన్నాడు. ఆమె పీజీ కుర్రాణ్ణి పిలిచింది.

"ఈయన్ని ఏం చేస్తావు?"

"అడ్మిట్ చేస్తాం మేడమ్."

"ఎవరు తీసుకొచ్చినట్టు రాస్తావు?"

కుర్రాడు తడబడ్డాడు. ఆమె వివరంగా చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 100. తనని తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత పోలీసులది. లాకప్పులో పెట్టకూడదు. 24 గంటలు దాటకుండా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లు తప్పి వచ్చినవాడైతే మిస్సింగ్ కేసు కట్టి ఇంటివాళ్ళని వెతకాలి. "అవుట్‌పోస్టులో కానిస్టేబుల్ని పిలుచుకురా. ఏ ఊరని తమిళం తెలిసినవాళ్ళ చేత అడిగించు. ముందు రెండు ఇడ్లీలు తెప్పించు."

దేశం నలుమూలల నుంచి మనుషులొచ్చే ఊరు ఇది. మతి తప్పి రైలెక్కినవాళ్ళూ ఇక్కడే దిగుతారు, కొండకి తెస్తే బాగవుతుందని ఇంటివాళ్ళు తెచ్చినవాళ్ళూ ఇక్కడే తప్పిపోతారు. 1960లో పెట్టిన ఎస్వీ మెడికల్ కాలేజీకి ఈ పేవ్‌మెంటు పాఠం రోజూ కళ్ళముందే ఉంది.

జీపు ఏడుకి కదిలింది. చంద్రగిరి కోట కుడివైపు కనపడి వెనక్కి పోయింది.

మామూలుగా ఈ ఉద్యోగానికి మనుషుల్ని ఎలా తీసుకుంటారో మీకు తెలిసిందే. ఒక రోజు వాక్ ఇన్. వరండాలో ఫైళ్ళు పట్టుకున్న డాక్టర్లు. అసిస్టెంట్ ప్రొఫెసరుగా నాలుగేళ్ళు చేశారా, పరిశోధన పత్రాలు రెండున్నాయా, వైద్య బోధన మీద, పరిశోధన మీద జాతీయ వైద్య కమిషన్ చెప్పిన చిన్న కోర్సులు అయ్యాయా అని చూస్తారు. ఇవేవీ అక్కర్లేనివని నేననను. పత్రం రాసిన చెయ్యి ఆలోచనని ఒక క్రమంలో పెట్టడం నేర్చుకుని ఉంటుంది. కానీ ఆ కాగితాల్లో ఎక్కడా ఒక ప్రశ్న కనపడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వరండాలో ఒక పీజీని పక్కన కూర్చోబెట్టుకుని రోగిని చూశారా, ఎప్పుడైనా?

ఈ డాక్టరమ్మ ఈ జీపులో ఉండడానికి ఒక కారణం ఉంది. 2025లో జాతీయ వైద్య కమిషన్ అధ్యాపకుల అర్హతల నిబంధనలు మార్చింది. 220 పడకలకు తగ్గని ప్రభుత్వ ఆసుపత్రిలో పదేళ్ళు పనిచేసిన స్పెషలిస్టులు ఇప్పుడు అసోసియేట్ ప్రొఫెసరు పోస్టుకి అర్హులు. బోధనాసుపత్రిలో ఒక్కరోజూ పనిచెయ్యనివాళ్ళు ప్రొఫెసర్లవుతారా అని చాలామంది పెద్దలు అభ్యంతరం చెప్పారు. మిగతా శాఖల సంగతి వాళ్ళు మాట్లాడుకోవచ్చు. కమ్యూనిటీ సైకియాట్రీ వరకు ఈ తలుపు తెరవడం మంచిదని నా అభిప్రాయం. ఈ విద్య తెలిసినవాళ్ళు ఎక్కువమంది ఉన్నది జిల్లా ఆసుపత్రుల్లోనే.

రిటైర్డ్ ప్రొఫెసరు కిటికీలోంచి చూస్తూ బళ్ళారి గురించి మొదలుపెట్టారు. దేశంలో ఊళ్ళకి మానసిక వైద్యం తీసుకెళ్ళిన కథ చాలావరకు మన పక్కనే జరిగింది. 1975లో నిమ్హాన్స్ కమ్యూనిటీ మెంటల్ హెల్త్ యూనిట్ పెట్టి, బెంగళూరు పక్కన సకలవారలో పల్లె క్లినిక్ నడిపింది. దాదాపు అదే కాలంలో చండీగఢ్ వాళ్ళు రాయ్‌పూర్ రాణిలో మొదలుపెట్టారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాన్ని ఒక జిల్లా మొత్తం మీద పెట్టి చూసింది బళ్ళారిలో, 1980ల నడుమ. ఒకప్పటి దత్తమండలాల్లో ఒకటైన బళ్ళారి. పీహెచ్‌సీ డాక్టర్లకి, ఆరోగ్య కార్యకర్తలకి కొద్దిరోజుల శిక్షణ, చేతిలో నాలుగైదు రకాల మందులు, నెలకోసారి పైనుంచి వచ్చి చూసే సైకియాట్రిస్టు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైతే అందులో మెదక్ ఒకటి. "పథకం రాసుకున్నాం, మందులు పంపాం. నేర్పేవాళ్ళని తయారుచేసుకోవడం మాత్రం ఒక పక్కన పెట్టేశాం," అన్నారాయన.

ఆ మాట నిజం. దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, లెక్క 0.75 దగ్గర ఆగింది. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. ఎండీ సీట్లు పెంచితే ఈ ఖాళీ కొంత నిండుతుంది. కానీ నగరంలో వార్డు తప్ప మరొకటి చూడని ఎండీ, పట్టా చేతికి రాగానే మళ్ళీ నగరంలోనే బోర్డు కడతాడు. వాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. పల్లెలో ఎలా పనిచెయ్యాలో చేసి చూపించినవాళ్ళు ఎవరూ లేకపోతే అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

పాకాల దాటాక రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు. దామలచెరువు మామిడి మండీ ఇంకా పూర్తిగా నిద్రలేవలేదు. తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. అక్కణ్ణుంచి ఒక పీహెచ్‌సీకి మలుపు తిరిగాం. వేపచెట్టు కింద ముప్పైమంది దాకా ఉన్నారు. ఆశా కార్యకర్త చీటీలు రాస్తోంది. డాక్టరమ్మ లోపల గదిలోకి పోకుండా వరండాలోనే బల్ల వేయించుకుంది. రోగి ఎలా నడిచి వస్తున్నాడో గదిలో కూర్చుంటే కనపడదని కుర్రాడికి చెప్పింది.

మూడో చీటీ. యాభై ఏళ్ళ తోట కాపలాదారు, వెంట భార్య. పదేళ్ళకు పైగా వేలూరు మందులు వాడుతున్నాడు. ఒకప్పుడు రేయింబవళ్ళు నిద్ర లేకుండా తిరిగి, ఉన్న రెండు ఆవుల్నీ ఎవరికో ఇచ్చేసిన మనిషి. మందులు మొదలయ్యాక మళ్ళీ మనిషయ్యాడు.

"వారం దినాలుగా చేతులు వణకతా ఉండాయి మేడమ్. కాఫీ గ్లాసు నిలవల్యా. రెండు దినాల్నించి విరోచనాలు. మళ్ళీ పాత జబ్బు తిరగబెట్నాదేమో అని భయంగా ఉండాది."

"నువ్వు చూడు," అంటూ డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

కుర్రాడు అడగాల్సినవన్నీ అడిగాడు. నిద్ర, తిండి, మాట, మందు మానేశాడా, తాగుతాడా. అన్నిటికీ సరైన జవాబులే వచ్చాయి. లిథియం వాడేవాళ్ళకి కొంచెం వణుకు మామూలేనని చెప్పి, డోసు అదే ఉంచి, వణుకు తగ్గడానికి ఒక మాత్ర రాయబోయాడు.

"ఆయన్ని ఆ గుమ్మం దాకా నడిపించు."

తోటాయన లేచాడు. నాలుగడుగులు వేసేసరికి పక్కకి తూలి గోడ పట్టుకున్నాడు. వేళ్ళ చివర కనపడే సన్నని వణుకు కాదు అది, ముంజేతులు రెండూ ఊగుతున్నాయి. మాట కూడా కొద్దిగా ముద్దగా వస్తోంది. మీకు ఇందాక అది పల్లె యాసలా వినిపించింది.

"అమ్మా, ఇంట్లో మందులన్నీ దేంట్లో పెడతావు? ఆ సంచి తెచ్చినావా?"

ఆమె కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవరు బల్ల మీద గుమ్మరించింది. లిథియం 300 మిల్లీగ్రాముల అట్ట. బీపీ బిళ్ళ. ఇంకో అట్ట సగం ఖాళీ. డైక్లోఫెనాక్.

"ఇదెవరిచ్చినారు?"

"మోకాళ్ళు నొప్పులంటే మా ఊర్లో ఆర్ఎంపీ ఇచ్చినాడు. పూటకొకటి. పది దినాలయింది."

డాక్టరమ్మ కుర్రాడి వైపు చూసింది. అతనికి అప్పటికే అర్థమైపోయింది. నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద పనిచేసి లిథియం బయటికి పోకుండా ఆపుతాయి. పైన మే నెల ఎండ, రోజంతా తోటలో చెమట, ఆపైన విరోచనాలు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ రక్తంలో లిథియం పెరుగుతుంది. లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే వైద్యం, 1.5 దాటితే విషం. ఆ పరీక్ష ఈ పీహెచ్‌సీలో లేదు.

"రిపోర్టు వచ్చేదాకా ఆగుదామా మేడమ్?"

"నడక చూశావు కదా. లిథియం, నొప్పి మాత్ర రెండూ ఈ క్షణం ఆపు. సెలైన్ పెట్టి 108లో రుయాకి పంపు. ఎందుకు పంపుతున్నామో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయి. లేకపోతే క్యాజువాలిటీలో విరోచనాల కేసని పక్కన పడుకోబెడతారు."

అంబులెన్సు వెళ్ళాక ఆమె ఫోను తీసుకుని ఆ ఆర్ఎంపీతో మాట్లాడింది. గొంతులో కోపం లేదు. నమస్తే అని మొదలుపెట్టి, మీ ఊరాయనకి ఇలా అయింది, ఈ మందు వాడేవాళ్ళకి జ్వరానికైనా నొప్పికైనా పారాసెటమాల్ ఇవ్వండి, అనుమానమొస్తే నాకు ఫోన్ చెయ్యండి అని నంబరు చెప్పింది. అర్హత లేనివాడితో అంత మర్యాద ఎందుకని కుర్రాడికి అనిపించింది. మొహంలో తెలుస్తోంది.

"రేపు ఆ ఊర్లో ఎవరైనా పురుగుమందు చేతిలోకి తీసుకుంటే మనకి మొదట కబురు చెప్పేది ఆయనే," అంది ఆమె.

మీ చేతిలో ఉన్న మార్కుల కాగితంలో పత్రాలకి ఒక గడి ఉంది, అనుభవానికి ఒక గడి ఉంది. ఇప్పుడు చూసినదాన్ని ఏ గడిలో వేస్తారు? రోగాన్ని పట్టుకోవడం ఒక్కటే అయితే మంచి డాక్టరు అని రాసి ఊరుకోవచ్చు. ఆమె కుర్రాణ్ణి ముందు వదిలేసింది, తప్పు దగ్గరికి వెళ్ళనిచ్చింది, తప్పు జరగకముందే నడక చూపించింది. రోగి ముందు అతని పరువు తియ్యలేదు. గురువుని వెతకడమంటే దీన్ని వెతకడమే.

మధ్యాహ్నం చిత్తూరు దారిలో కాణిపాకం దగ్గర జీపు ఆగింది. తాగుడు మానేస్తానని వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసే ఆచారం ఈ జిల్లాలో అందరికీ తెలిసిందే. నమ్మకాలతో మందు మానడం సాధ్యమా అని కుర్రాడు అడిగాడు. "ప్రమాణం చేసినవాడు నీకంటే ముందే సగం పని చేసుకున్నాడు," అంది ఆమె. భయం వేరేచోట ఉంది. ఏళ్ళ తరబడి పొద్దున లేస్తూనే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండురోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో మూడో రోజు నుంచి ఒళ్ళంతా వణికి, లేనివి కనపడి, ప్రాణం మీదికి రావచ్చు. అది స్వామి కోపమని ఇంట్లో కట్టేసి ఉంచితే మనిషి దక్కడు. ప్రమాణానికి ముందే ఆసుపత్రికి వచ్చి మందులు తీసుకుని, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ వేయించుకుని, ఆ తర్వాత గుడికి పోతే రెండూ నిలుస్తాయి. ఈ మాట ఆశా కార్యకర్తలకి చెప్పడం పీజీ శిక్షణలో భాగం కావాలని ఆమె అంటోంది. మీరు రాసుకుంటున్నారు.

చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రి చేరేసరికి మూడయింది. 2021 బ్యాచి నుంచి ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి ఒక్కరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచెయ్యాలని నిబంధన ఉంది, జిల్లా రెసిడెన్సీ అంటారు. మంచి నిబంధన. పక్కనుండి నేర్పేవాళ్ళు లేకపోతే ఆ మూడు నెలలు ఓపీ చీటీలు రాయడంతోనే అయిపోతాయి.

ఓపీలో ఒక తల్లి, వెంట పాతికేళ్ళ కొడుకు. అబ్బాయి మూలన నిలబడి నేలకేసి చూస్తున్నాడు. పింఛనుకి సర్టిఫికెట్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు, అర్హతకి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. దానికి ఐడియాస్ అనే కొలత ఉంది. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థంచేసుకోవడం, పని. ఈ నాలుగు చూసి అంకెలు వెయ్యాలి. కుర్రాడు "స్నానం తనే చేస్తాడా?" అని అడిగాడు. తల్లి "చేస్తాడు సార్" అంది. అతను సున్నా వేశాడు.

"నువ్వు చెప్పకుండా చేస్తాడా అక్కా?" అని డాక్టరమ్మ అడిగింది.

తల్లి కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళు తోడిపెట్టి, చెయ్యి పట్టుకపోయి, సబ్బు చేతికిచ్చి, నేను తలుపు కాడ నిలబడితేనే మేడమ్. పొద్దున రెండిళ్ళల్లో పాలు పిండి వచ్చి ఇదంతా చెయ్యాల."

సున్నా చెరిగి మూడయింది. ఆ ఒక్క ప్రశ్న ఆ ఇంటికి నెలకి ఆరువేలు.

ఇక్కడివాళ్ళు పెద్ద జబ్బంటే వేలూరు పోతారు. 1911 దాకా ఈ ప్రాంతం వేలూరుతోపాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది, కలెక్టరు కచేరీ చిత్తూరులోనే ఉండేది. వేలూరు సీఎంసీ వాళ్ళు 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచినప్పుడు ఇంటివాళ్ళు రోగితోపాటే ఉండాలనే పద్ధతి పెట్టారు. గొలుసులు, ఎత్తైన గోడలు ఆసుపత్రులకి గుర్తుగా ఉన్న కాలంలో అది పెద్ద మార్పు. ఈ తల్లి తలుపు దగ్గర నిలబడి చేస్తున్న పనిని వైద్యంలో భాగమని అక్కడ గుర్తించారు. మనం మన కాలేజీల్లో దాన్ని పాఠంగా ఎప్పుడు చెబుతాం?

సాయంత్రం ఆరు. చిత్తూరులోనే ఒక చిన్న గదిలో అసలు ఇంటర్వ్యూ. మీరు ముగ్గురూ బల్లకి ఒక పక్క, ఆమె మరో పక్క. అప్పుడే కుర్రాడి ఫోన్ మోగింది. తోటాయన లిథియం 2.1. సెలైన్ ఎక్కుతోంది, మనిషి స్పృహలోనే ఉన్నాడు, కిడ్నీ డాక్టర్లని పిలిచారు. ఆమె ఒక నిమిషం మాట్లాడి, భార్యకి భోజనం సంగతి చూడమని చెప్పి ఫోను ఇచ్చేసింది.

రిటైర్డ్ ప్రొఫెసరు ఫైలు మూశారు. "మిమ్మల్ని తీసుకుంటున్నట్టే అనుకోండి. ఎప్పుడు చేరతారు?"

"చేరేముందు కొన్ని అడగాలి సార్. వారానికి ఒక రోజు పీజీలతో పీహెచ్‌సీకి పోతాను. ఇప్పుడు హాజరుని ఫోనులో యాప్ మొహం చూసి, మనిషి ఉన్న చోటు చూసి వేసుకుంటోంది కదా. ఆ రోజు కాలేజీలో లేనని నాకూ పిల్లలకీ గైర్హాజరు పడితే ఆర్నెల్లలో ఈ పని ఆగిపోతుంది. ఊళ్ళో పాఠం డ్యూటీయేనని రాతపూర్వకంగా కావాలి."

"ఇంకా?"

"ఒక సోషల్ వర్కరు. జీపు. జీపు ఇంకెవరికో వేస్తే బస్సులో పోతాం, సోషల్ వర్కరు లేకపోతే మాత్రం పోలేం. ఇంకోటి, ఎండీ మూడేళ్ళు. ఒక బ్యాచిని మొదట్నించీ చివరిదాకా నడిపిస్తేనే వాళ్ళకి ఏం వచ్చిందో తెలుస్తుంది. అంతదాకా నన్ను బదిలీ చెయ్యొద్దు."

"బదిలీలు మా చేతిలో ఉండవమ్మా."

"ఏవి మీ చేతిలో ఉంటే అవి రాసివ్వండి. మిగతావి ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళకి మీరే రాయండి. నేను రాస్తే అర్జీ అవుతుంది, మీరు రాస్తే సిఫారసు అవుతుంది."

ఆయన మీ వైపు చూశారు. మీరు మార్కుల కాగితం పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకున్నారు. ఏ రోజు వేద్దామని అడిగారు.

"బుధవారం వద్దు సార్, ఆ రోజు పీహెచ్‌సీల్లో టీకాలు, ఏఎన్‌ఎంలు దొరకరు. గురువారం వెయ్యండి. ఆర్డరు కాపీ వచ్చిన రోజు జాయినింగ్ రిపోర్టు ఇస్తాను. అంతదాకా మా ఊరి ఓపీ నడవాలి కదా, నాకు ఎనిమిదింటి బస్సుంది."